చూపించకముందే తీసిన గిన్నె

విజయనగరంలో మత సామరస్యం కావలసి వచ్చినప్పుడల్లా నాకు ఫోను వస్తుంది. ఊళ్ళో నాకంటే భక్తిగల క్రైస్తవులు బోలెడుమంది ఉన్నారు. కానీ వాళ్ళకి ఆదివారం తీరదు, పాస్టర్లకేమో ఒకరి పక్కన ఒకరు కూర్చోవడం పడదు. నేను గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ టీచర్ని. టీచర్లు సెలవు రోజుల్లో ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటారని ఊరందరికీ ఒక గట్టి నమ్మకం. అలా ఒక సమితికి నేను క్రైస్తవ ప్రతినిధినయ్యాను. ఆ సమితి పేరు ఇక్కడ రాయను. బ్యానరు మీదే అది మూడు వరుసలు పడుతుంది.

సమితి కన్వీనరు ఒక రిటైరైన అధికారి. సర్వీసులో ఉన్నంతకాలం తన గదిలోకి వచ్చినవాళ్ళని కూర్చోమని కూడా అనలేదట. రిటైరయ్యాక మాత్రం ఊరందరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టాలని కంకణం కట్టుకున్నారు. మనిషి చెడ్డవాడు కాదు, మైకు దొరికితే వదలడు, అంతే. మొదటి సభకి ముందు ఫోను చేసి, "అమ్మా, తెల్లచీర కట్టుకుని రండి. మెళ్ళో శిలువ కనిపించేలా వేసుకోండి" అన్నారు. మా బాప్టిస్టు ఇళ్ళలో శిలువ వేసుకునే అలవాటు లేదండీ అన్నాను. "మరి మీరు క్రైస్తవులని జనానికి ఎలా తెలుస్తుందమ్మా?" అని ఆయన నిజంగానే బాధపడ్డారు. సభ రోజున తనే ఒకటి కొని తెచ్చి నా చేతిలో పెట్టారు. ముస్లిం ప్రతినిధి గంటస్తంభం దగ్గర బట్టలు కుట్టే భాయి. ఆయన నమాజుకి తప్ప టోపీ పెట్టరు. ఆయనకీ పెట్టించారు. "ఏటి టీచరమ్మా, మనమేటి వేషాల పోటీకొచ్చేమా, సభకొచ్చేమా?" అని భాయి నా పక్కన కూర్చుని గొణిగారు.

ఏ సభైనా ఒకేలా జరుగుతుంది. ముందు జ్యోతి వెలిగించాలి. కొవ్వొత్తి నా చేతికే ఇస్తారు, అదేదో మా వాళ్ళే కనిపెట్టినట్టు. తర్వాత ముగ్గురు పిల్లలు మూడు మతాల వేషాల్లో వచ్చి చేతులు పట్టుకుని నిలబడతారు. పట్టు పంచె వేషం ఎవరికనే విషయం మీద వాళ్ళు తెర వెనక అప్పటికే ఒకసారి కొట్టుకుని ఉంటారు. శాంతికి గుర్తుగా పావురాలు ఎగరెయ్యాలి. ఒక ఏడాది తెల్లవి దొరక్క బూడిదరంగువి తెచ్చారు. అవి ఎగరకుండా నడుచుకుంటూ వెళ్ళి పులిహోర పొట్లాల పక్కన నిలబడ్డాయి. సభకి వచ్చిన జనం కూడా సగం మంది అక్కడే ఉన్నారు. ఇక అన్ని మతాల సారం ఒక్కటేనని తలా ఇరవై నిమిషాలు చెప్పుకుని, ఎవరి శాలువా వాళ్ళు మడిచి సంచీలో పెట్టుకుని, ఎవరి వీధికి వాళ్ళం పోతాం.

ఇక మా వీధి సంగతి. మా అమ్మ మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. నాతోనే ఉంటుంది. పక్కింటావిడని నేను పిన్ని అంటాను. రక్తసంబంధమేమీ లేదు. ఆవిడది భోగాపురం అవతల సముద్రం ఒడ్డున ఊరు. పెళ్ళయి ఇక్కడికొచ్చి, మొన్నమొన్నటి వరకూ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగింది. ఇప్పుడు మోకాళ్ళు అరిగి బజార్లో కూర్చుని అమ్ముతోంది. గొంతు మాత్రం ఏమీ అరగలేదు. అమ్మని అప్పా అంటుంది. మా వైపు అక్కని అలాగే పిలుస్తారు.

మా రెండిళ్ళ మధ్యా ఒక పిట్టగోడ ఉంది. పిన్ని ఇంట్లో పండగొస్తే ఆ గోడ మీదుగా గిన్నె వస్తుంది. కానీ మేము ప్రసాదం తినం. దేవుడి ముందు పెట్టి నివేదించినది తినకూడదని మా చర్చిలో పాలపళ్ళు ఊడకముందే నేర్పుతారు. ఇది వినగానే కొంతమందికి ఒళ్ళు మండుతుంది. ఒక వయసులో నాకూ మండింది. అమ్మ మాత్రం మిగతా అన్నిట్లో వెన్నముద్ద, ఈ ఒక్కదాంట్లో ఇనుము. ఈ సంగతి తెలిసిన మొదటి పండక్కే పిన్ని ఒక దారి కనిపెట్టింది. వంట అయిన వెంటనే, దేవుడి ముందుకి తీసుకెళ్ళకముందే, ఒక గిన్నెడు తీసి గట్టు మీద మూతపెట్టి ఉంచేది. తీసేటప్పుడు దేవుడి మూల వైపు తిరిగి, గోడవతల మాకు వినపడేంత గట్టిగా చెప్పేది.

"అమ్మా తల్లీ, ఇది మా అప్పది. నువ్విటు సూడకు. నీది సట్టిలో ఉన్నాది."

అమ్మవారు కూడా పెద్దమనసు చేసుకుని ఏనాడూ ఇటు చూడలేదనే మా నమ్మకం. గోడ మీద గిన్నె పెడుతూ పిన్ని ప్రతి పండక్కీ చెప్పే మాటే మళ్ళీ చెప్పేది, "సూపించకముందే తీసీసేను అప్పా, నువ్వు తిను."

మా వైపు నుంచీ ఆ మర్యాద ఉండేది. క్రిస్మస్ వెళ్ళి మార్గశిర గురువారం మీద పడితే పిన్ని నీచు ముట్టదు, గుడ్డు కూడా ముట్టదు. ఆ ఏడు అమ్మ గుడ్డు వెయ్యకుండా కేకు చేస్తుంది. అది అచ్చం ఇటుకలా వస్తుంది. పిన్ని దాన్ని టీలో నానబెట్టుకుని తిని, "బాగున్నాది అప్పా, పళ్ళకి మంచి పని తగిల్నాది" అంటుంది. ఇన్నేళ్ళలో ఆ గోడ దగ్గర సామరస్యం అనే మాట ఎవరి నోటా రాలేదు.

ఈ సుఖం వెళ్ళి కన్వీనరు గారి కంట పడింది. ఒక శ్రావణ శుక్రవారం ఆయన సభ ఆహ్వానపత్రం ఇవ్వడానికి మా ఇంటికొచ్చి టీ తాగుతూ ఉండగా పిన్ని గోడ మీద బూరెల గిన్నె పెట్టి, తన మాట తను చెప్పింది. సూపించకముందే తీయడం అంటే ఏమిటని ఆయన అడిగారు. అడిగితే పిన్ని ఊరుకుంటుందా, ఆదినుంచీ చెప్పింది. ఆయన టీ కప్పు పట్టుకునే లేచి నిలబడిపోయారు.

"ఇదేనమ్మా భారతదేశం!"

"బూరెలండీ" అన్నాను.

ఆయన వినలేదు. ఈసారి సభలో ఈ ఇద్దరికీ ఆదర్శ ఇరుగుపొరుగు అని సన్మానం చేసి తీరాలన్నారు. నేను అప్పటికప్పుడే వద్దన్నాను. ఉన్న ఊళ్ళో ఉన్నట్టు బతికేవాళ్ళని పట్టుకెళ్ళి వేదిక మీద నిలబెట్టడమెందుకండీ అన్నాను. అమ్మ కూడా, "మాకెందుకు బాబూ అవన్నీ" అని లోపలికి వెళ్ళిపోయింది. కానీ పిన్ని అటునుంచి గేటు తీసుకుని వచ్చేసింది, అమ్మ చెయ్యి పట్టుకుంది.

"అప్పా, నన్నెప్పుడైనా ఎవులైనా కుర్సీలో కూకోబెట్టేరేటి? సేపలమ్మీ, సేపలమ్మీ అని గుమ్మం బయటే నిలబెట్టీసేవోరు. ఒక్కపాలి టేజీ ఎక్కుతాను. నువ్వు రాకపోతే నానొక్కర్దాన్నీ ఎక్కనేను."

అమ్మ నా వంక చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఇద్దరూ నా మాట చెవిన పెట్టలేదు.

సభ రోజున పిన్ని ఆరెంజి రంగు కొత్త చీర కట్టి, తలనిండా కనకాంబరాలు పెట్టుకుని, పొద్దున్నే తయారైపోయి గేటు దగ్గర నిలబడింది. సభ సాయంత్రం. కళ్యాణమండపంలో వేదిక మీద వెల్వెట్ కుర్చీలు వేశారు. పిన్ని కూర్చుని ఆ కుర్చీ చేతులని తడిమి చూసుకుంది. కన్వీనరు గారు గిన్నె కథ చెప్పడం మొదలుపెట్టారు. ఆయన నోట్లో పడేసరికి బూరెలు కాస్తా పరమాన్నమైంది, పిట్టగోడ కాస్తా రెండు మతాల మధ్య కట్టిన వంతెన అయింది. దేవుడికి చూపించకముందే తీయడం అన్న ముక్క మాత్రం ఆయన కథలో లేదు. కథకి అసలు ప్రాణం అదేనని ఆయనకి తట్టలేదు. శాలువాలు కప్పారు, జ్ఞాపికలిచ్చారు, జనం చప్పట్లు కొట్టారు. పిన్ని మొహం వెలిగిపోతోంది. నేను చూసి సంతోషించాను కూడా, ఎందుకు అబద్ధం చెప్పాలి.

అప్పుడు ఆయన తెర వెనక నుంచి ఒక డబ్బా తెప్పించారు. "ఇది అమ్మవారి గుడి నుంచి ప్రత్యేకంగా తెప్పించిన ప్రసాదం! ఇప్పుడు ఈ ఇద్దరు తల్లులూ ఒకరికొకరు తినిపించుకుంటారు! ఫోటోగ్రాఫర్లు ముందుకి రావాలి!"

కుర్చీ తోసుకుని లేచాను. భాయి కూడా లేచారు, ఆయనకి మా ఇంటి సంగతి తెలుసు. ఇద్దరం ఆ పూలకుండీలు దాటేలోపే పిన్ని డబ్బాలోంచి లడ్డూ తీసేసింది. ఆ లైట్లలో, ఆ చప్పట్లలో, ఆ వెల్వెట్ కుర్చీ మత్తులో ఆవిడ గిన్నె సంగతే మరిచిపోయింది. నవ్వుతూ తీసుకెళ్ళి అమ్మ నోటి దగ్గర పెట్టింది.

అమ్మ పెదాలు బిగించి మొహం పక్కకి తిప్పేసుకుంది.

పిన్ని ముందు సిగ్గనుకుంది. "తిను అప్పా, అందరూ సూస్తన్నారు" అంది. అమ్మ తల అడ్డంగా ఊపింది. పిన్ని చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది. చప్పట్లు పల్చబడ్డాయి. ఫోనులు మాత్రం ఎవరూ దించలేదు. కన్వీనరు గారు గబగబా వచ్చి ఆ లడ్డూ లాక్కుని తన నోట్లోనే వేసుకుని, "ఐక్యత వర్ధిల్లాలి" అన్నారు. నోరు నిండా ఉండడం వల్ల అది కూడా సరిగా రాలేదు.

ఆటోలో పిన్ని రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. గేటు దగ్గర అమ్మ "ఒసే" అని పిలిస్తే వినపడనట్టు లోపలికి వెళ్ళిపోయింది. 

ఆ తర్వాత మా ఊరు తన ప్రతాపం చూపించింది. మర్నాటికల్లా ఆ వీడియో ఊళ్ళో ప్రతి ఫోనులోకీ ఎక్కింది. మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒకాయన, "మన వంటలు కావాలి గానీ మన దేవుడు వద్దా?" అని పెట్టాడు. ఏటేటా క్రిస్మస్‌కి మా ఇంట్లో బిర్యానీ తిని, వాళ్ళావిడకని ఇంకో డబ్బా కట్టించుకెళ్ళే మహానుభావుడు ఆయనే. ఇటు చర్చిలో ఇంకో ఘోరం. ఆదివారం పాస్టరు గారు అమ్మని లేపి నిలబెట్టి, వేలమంది ఎదుట విశ్వాసాన్ని కాపాడుకున్న వీరవనిత అన్నారు. ఆ మండపంలో పట్టేదే రెండొందల మంది. అందరూ అమ్మ చేతులు ఊపి ఊపి అభినందించారు. ఇంటికొచ్చి అమ్మ చర్చి చీరతోనే మంచం మీద పడుకుంది.

"ఒక్క సన్మానానికే చచ్చేనమ్మా. ఇది రెండోది" అంది.

అన్నం తినలేదు. పిన్ని మాట్లాడటం లేదని తప్ప ఆవిడకి ఇంకో ధ్యాస లేదు. గోడ దగ్గర నిలబడి పిలిచేది, అటు పక్క గిన్నెల చప్పుడు ఆగేది, జవాబు వచ్చేది కాదు. "అది నాతో మాట్లాడకపోతే ఈ వీధిలో నాకింకెవరున్నారే?" అని నన్ను అడిగేది. నేనున్నాను కదా అనబోయి ఊరుకున్నాను. కూతురు కూతురే, పిన్ని పిన్నే.

ఈలోపు కన్వీనరు గారు మళ్ళీ ఊడిపడ్డారు. ఉత్త చేతుల్తో రాలేదు, సమన్వయ సభ అనే కొత్త ఆలోచనతో వచ్చారు. "మీ అమ్మగారు చిన్న ముక్క తింటే చాలమ్మా. ఇంత, గోరంత. ఊళ్ళో వేడి చల్లారుతుంది" అని చిటికెన వేలి గోరు చూపించారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమండీ, మీ ఐక్యత ఒక ముసలావిడ నోరు బలవంతాన తెరిపిస్తే తప్ప నిలబడదా? వాళ్ళిద్దరూ తినకుండానే ఇన్నేళ్ళు కలిసున్నారు. కలపడానికని మీరొచ్చాకే విడిపోయారు" అన్నాను. ఆయన, "పోనీ లిఖితపూర్వకంగా ఏమైనా రాసిస్తారా?" అన్నారు. ఆయన్ని సాగనంపి తలుపు కాస్త గట్టిగానే వేశాను.

తర్వాత పిన్ని ఇంట్లో అమ్మవారి పండగ వచ్చింది. పొద్దున్నించీ గోడవతల నూనె కాగుతున్న వాసన. అమ్మ కత్తిపీట తెచ్చుకుని పెరట్లో గోడ పక్కనే కూర్చుని, మాకు వారానికి సరిపడా కూరలు తరిగేసింది. పిన్ని దేవుడికి చెప్పే ఆ మాట వినపడలేదు. గంట కొట్టారు, హారతి ఇచ్చారు, గిన్నె రాలేదు. అమ్మ అలాగే కూర్చుంది. మధ్యాహ్నం నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని లేపాల్సి వచ్చింది.

నాకు ఇక ఓపిక నశించింది. పిన్ని కొడుకు ఎయిర్‌పోర్టు పనులకి వ్యాను నడుపుతాడు. సాయంత్రం బండి కడుగుతుంటే వెళ్ళి పట్టుకున్నాను. "ఏరా, మా అమ్మ ప్రసాదం తినదని మీకు తెలీదా? కొత్తగా ఇవాళ తెలిసిందా? ఇన్నేళ్ళ స్నేహం ఒక లడ్డూకి పోతుందా?" అని దులిపేశాను. వాడు పైపు కట్టేసి నా వైపు తిరిగాడు.

"లడ్డూ ఎవుడికి కావాల టీచరప్పా? పెద్దమ్మ పెసాదం తినదని ఈదిలో కుక్కకి కూడా తెల్సు. అది కాదు. మాయమ్మ సెయ్యి నోటికాడికెల్తే మొకం తిప్పీసింది. సేపలోల్ల సెయ్యి అని ఊరందరూ తిప్పీవోరే. పెద్దమ్మ తిప్పనేదు, ఎప్పుడూ. ఆ రోజునుంచి మాయమ్మ సబ్బెట్టి సెయ్యి కడుగుతాది, వాసన సూసుకుంటాది, మల్లీ ఎల్లి కడుగుతాది."

దులపడానికి వెళ్ళినదాన్ని నోరు మూసుకుని ఇంటికొచ్చి, వాడన్నది అన్నట్టు అమ్మకి చెప్పాను. 

అమ్మ మొహం చూడలేకపోయాను. ఆవిడ సంగతి తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. మేము ఈ వీధిలోకి వచ్చినప్పుడు సామాను బండి దిగకముందే మా ఇంటిపేరు విని, మా తాతలు ఏ ఊళ్ళో ఏ పేట నుంచి వచ్చి క్రైస్తవంలో కలిశారో లెక్కగట్టేశారు. మొదటి క్రిస్మస్‌కి అమ్మ ఇంటింటికీ పళ్ళేలు పంపించింది. కొన్ని వేసిన గుడ్డ వేసినట్టే తిరిగొచ్చాయి. కొన్ని తీసుకున్నారు గానీ, అందులో అరిసెలు సందు చివర ఆవు ముందు కనిపించాయి. ఆసుపత్రిలో ఆ చేతులే వాళ్ళ పిల్లల్ని పుట్టించాయి, ఆ లెక్క వేరు. ఆ రోజు చేపల బుట్టతో వెళ్తూ పిన్ని ఆగి, "ఏటి పంచుతున్నారు? నాకు నేదేటి?" అని అడిగి, బుట్ట దించి, అందరూ చూస్తుండగా వీధి మధ్యలో నిలబడి తింది. అలాంటి మనిషి చేతికి, అలాంటి చేతులున్న మా అమ్మ ఈ పని చేసింది. కావాలని చెయ్యలేదు నిజమే, కానీ పిన్ని చేతికి తగిలింది అదే.

"నేనే దానికి అలా చేసేనా? నేనా?" అని అమ్మ రెండుసార్లు అంది. చెప్పులు కూడా వేసుకోకుండా లేచింది.

గోడ దగ్గరికి వెళ్ళలేదు. వీధిలోకి వెళ్ళి, అరుగుల మీద కూర్చున్నవాళ్ళందరి ముందునుంచీ నడిచి, పిన్ని గేటు తీసుకుని లోపలికి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను. పిన్ని వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు, రమ్మనలేదు. అమ్మ మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా నేల మీద చతికిలబడింది.

"ఆకలేస్తోంది. అన్నం పెట్టు."

"మీ ఇంట్లో నేదేటి?"

"ఉంది. ఇక్కడ తింటాను."

"ఇయ్యాల వండినవన్నీ సూపించీసినవే. నువ్వు తినవు కదా."

"నిన్నటివేం లేవా?"

పిన్ని గిన్నెల మూతలు తీసి చూసింది. "నిన్నటి కవళ్ళ సేపల పులుసున్నాది. సద్దన్నం ఉన్నాది" అంది. కంచంలో వేసి అమ్మ ముందుకి తోసింది. అమ్మ కంచం ముట్టుకోలేదు, వెనక్కి తోసింది.

"నీ చేత్తో కలిపి పెట్టు."

"నా సెయ్యి సేపల కంపు."

"పులుసు మాత్రం ఏం వాసనొస్తుందే? పెట్టు."

పిన్ని చెయ్యి కంచంలోకి పోవడానికి చాలాసేపు పట్టింది. కలిపింది, ముద్ద చేసింది, సగం దూరం తెచ్చి ఆపింది. అమ్మే ముందుకి వంగి ఆ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని నోట్లో పెట్టుకుంది. వేళ్ళతో సహా. నమిలి మింగి అప్పుడు చెప్పింది.

"ఆ రోజు నీ చెయ్యి కాదే. ఆ డబ్బా. చూపించినది కదా. నీ చెయ్యి కాదు."

"నాకు తెల్దేటి అప్పా? ఇన్నేల్లూ గిన్ని తీసినదాన్ని నానే కదా. ఆ లైట్లల్లో నానే మర్సిపోనాను" అంది పిన్ని. అని, కంచంలోకి చూస్తూ ఏడవడం మొదలుపెట్టింది. "తెల్సినా ఏడుపాగనేదు. ఊరోల్లు మొకం తిప్పితే తుడిసీసుకుని నీకాడికొచ్చీసేదాన్ని. నువ్వు తిప్పితే నానెక్కడికెల్లను?"

అమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే మళ్ళీ నోరు తెరిచింది. పిన్ని ముల్లు తీసి ఇంకో ముద్ద పెట్టింది.